నర్సమ్మ వడ్డించిన మూడో పళ్లెం

దయ్యాలనీ ఆత్మలనీ ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ని. కళ్లతో చూసింది, త్రాసులో తూచింది తప్ప కాగితం మీద పెట్టకూడదని నేర్పిన ఉద్యోగం నాది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. హైదరాబాదు పాతబస్తీలో ఎవరేం తింటున్నారో ఇంటింటికీ వెళ్లి రాసే సర్కారు సర్వేలో పనిచేసేవాణ్ని. "నిన్న ఏం తిన్నారు?" అని అడిగితే మనవాళ్లు నిజం చెప్పరు. మింగ మెతుకు లేకున్నా మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, ఇంట్లో లేని నెయ్యి కూడా రాయిస్తారు. అందుకని ఒక్కో ఇంట్లో ఏడు రోజులు కూర్చొని వండింది, తిన్నది, మిగిలింది తూచేవాళ్లం. అందులోనూ ఒక చిక్కుంది. మేం కూర్చున్నామంటే ఆ వారం వాళ్ల పప్పు చిక్కబడేది.

లాల్‌దర్వాజాలో నర్సమ్మ ఇంట్లో తినేవాళ్లు ఇద్దరే, ఆమె, కోడలు. పళ్లేలు మాత్రం మూడు. కొడుకు సిపాయిగా పల్టన్‌లో చేరి సముద్రం దాటి వెళ్లాడు. ఏడాదిగా ఉత్తరం లేదు. మధ్యాహ్నం నర్సమ్మ అతని పళ్లెం వడ్డించి, పైన గంప బోర్లించేది. పొద్దుగూకాక ఆ అన్నం వాళ్లిద్దరే తినేవారు.

"రోజూ ఇంత తగ్గుతది బిడ్డా. వాడే తింటున్నడు, పాణంతోనే ఉన్నడు. కోడలు నమ్మదు, పిల్లి అంటది. నీ త్రాసు అబద్ధమాడదు గద, జర తూచి చెప్పు."

ఆ తల్లి భ్రమ నా చేతులతో పోగొట్టాల్సి వస్తుందే అని బాధపడుతూనే తూచాను. తలుపు గడియ పెట్టి గంప ముందే కూర్చున్నాను. పిల్లి కాదు కదా, చీమ కూడా రాలేదు. గంట తర్వాత పది తులాలు తక్కువ.

ఆవిరికి తగ్గిందేమోనని మర్నాడు అంతే అన్నం మరో పళ్లెంలో పక్కనే పెట్టాను. అది అర తులం తగ్గింది. కొడుకు పళ్లెం మళ్లీ పది. త్రాసు మార్చాను, రాళ్లు మార్చాను. ఆరు రోజులూ అంతే. మా పై అధికారి పుస్తకం చూసి, "ఏంది భాయ్, తూకం కాడ కునుకు తీస్తున్నవా?" అంటూ ఆ అంకెలన్నీ కొట్టేశాడు.

ఏడో రోజు కొడుకు పళ్లెం కూడా అర తులమే తగ్గింది. మూడుసార్లు తూచాను.

నర్సమ్మ గడపలో నిలబడి ఉంది. "ఎంత బిడ్డా?"

"పది తులాలమ్మా," అన్నాను. పుస్తకంలో మాత్రం ఉన్నదే రాశాను.

ఆమె వచ్చి పళ్లేన్ని రెండు చేతులతో ఎత్తి, బరువు చూసింది.

"ఇయ్యాల వాడు తినలే," అంది మెల్లగా. "నా మనసు నొస్తదని గట్ల చెప్పినవు. సల్లగుండు బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం చేతకాలేదు.

కొన్ని వారాల తర్వాత చూసిపోదామని వెళ్లాను. పల్టన్ నుంచి తార్, అదే టెలిగ్రాం, వచ్చిందనీ, కొడుకు పోయాడనీ కోడలు చెప్పింది.

ఆ ఆరు రోజులు తగ్గిన అన్నం ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. మా పద్ధతి ఎంత తగ్గిందో చెబుతుంది, ఎందుకు తగ్గిందో చెప్పదు. వివరాలు అడగడమే బతుకుతెరువుగా బతికినవాణ్ని. అతను ఏ రోజు పోయాడో చూడమని కోడలు ఆ తార్ నా చేతికివ్వబోతే, చదవకుండానే తిరిగి ఆమె చేతిలో పెట్టేశాను.