ఫుర్బా చిటికెన వేలు

మంచుకొండ మీది పై శిబిరంలో వంటవాడు ఫుర్బాకు కొండ దేవతేమీ కాదు, తాగేనీళ్లు దొరికే చోటు. తెల్లారగానే మరుగుదొడ్డికి ఎగువన మంచు తవ్వి సంచులకెత్తుతాడు. గడ్డకట్టిన సంచి ముడిని పళ్లతో విప్పుతాడే గాని చేతొడుగు తియ్యడు. ఆవేళ కొండెక్కడానికొచ్చిన దొరలు టీ కోసం అరుస్తుంటే తొందరలో తీశాడు. గుడారంలోకి వచ్చేసరికి చిటికెన వేలు మైనంలా తెల్లబడింది.

"గోరువెచ్చటి నీళ్లలో పెట్టన్నా! ఉన్నవే తొమ్మిది వేళ్లు, మరిచావా?" అన్నాడు తోటి వంటవాడు టెండీ.

"ఇంకో రెండు సంచులు తేవాలిరా. కరిగిన వేలు మళ్లీ గడ్డకడితే ఊడిపోవడమే."

"నే తెస్తాలే."

"తడిసిన చేతొడుగులతోనా? కూచో. దొరలకి టీ పొయ్యి."

ఫుర్బా ఆ వేలిని చంకలో కూడా పెట్టుకోలేదు. గడ్డకట్టినదాన్ని అలాగే చేతొడుగులోకి దూర్చి, ఖాళీ సంచులు పట్టుకుని బయటికి నడిచాడు.