అడగడానికి ఎవరూ రారనుకున్న పిల్ల

నాలుగైదేళ్లుగా ఒక తప్పు నా గుండెల మీద బరువై కూర్చుంది. మా ఆయనకు చెప్పలేదు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చునే స్నేహితురాలికీ చెప్పలేదు. నా మొహం ఎరగని మీకు చెబుతున్నాను. ఎందుకంటే మీరు రేపు పొద్దున స్కూలు గేటు దగ్గర నాకు ఎదురుపడరు. పిరికిదాన్నే, ఆ మాట ముందే ఒప్పేసుకుంటున్నాను.

నేను లెక్కల టీచర్ని. మాది కాకినాడ వైపు. దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో, మన దేశపు సిలబస్ చెప్పే ఒక చిన్న స్కూల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. క్వారీల్లో, సైట్లలో, చిన్నాచితకా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల పిల్లలే మా దగ్గర ఎక్కువ. నాది నోటి దురుసు. హోంవర్కు ఎగ్గొట్టినవాళ్లు నేను వస్తుంటే వరండా మారిపోయేవాళ్లు. అలాంటి నేను గొంతు తగ్గించి మాట్లాడిన పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లలో మొదటిది నస్రీన్. అది అసలు పేరు కాదులెండి.

వాళ్లది కడప. తండ్రి క్వారీలో లోడర్ నడిపేవాడు. 2020లో కరోనా వచ్చి స్కూళ్లు మూసేశాక క్లాసులన్నీ ఫోనుల్లోకి, లాప్‌టాప్‌ల్లోకి వచ్చాయి కదా. వాళ్లింట్లో క్లాసులకు పనికొచ్చే ఫోను ఒక్కటే ఉండేది, తండ్రిది. ఆయన దాన్ని కూతురికి వదిలేసి, పొద్దంతా ఫోను లేకుండానే కొండ దగ్గర పనిచేసుకుని వచ్చేవాడు. అందుకని తల్లిదండ్రుల నంబరుకి స్కూలు ఎప్పుడు ఫోను చేసినా ఎత్తేది ఆ పిల్లే.

చెబితే నవ్వుతారేమో, ఆ రోజులంటే నాకు ఇప్పటికీ ప్రాణం. బయట అంత భయం ఉన్నా, పొద్దున్నే డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, పక్కన కాఫీ పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్క ఇల్లే నా ముందుకొచ్చేది. ఎవరింట్లోనో కుక్కర్ కూత. ఎవరి చెల్లెలో ఏడుపు. నస్రీన్ మైకు ఆన్ చేస్తే వెనకాల వాళ్లమ్మ పిలుపు, పాలు పొంగిపోతున్నాయని. "ఒక్క నిమిషం మిస్" అని పరుగు. తిరిగొచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే లెక్క అందుకునేది. అబ్బ, ఆ పిల్లకి లెక్కంటే ఎంత ఇష్టమో! నేను స్క్రీన్ మీద ఒక దారిలో చేస్తే తను ఇంకో దారి వెతికేది. ఘనపరిమాణాల పాఠం చెప్పినప్పుడు, క్వారీలో కంకర కుప్ప చుట్టుకొలత అడుగులేసి కొలుచుకు రమ్మని వాళ్ల నాన్నని పంపింది. ఎత్తు ఆయన లోడర్‌తో పోల్చి చెప్పాడట. మర్నాడు ఆ కుప్పలో కంకరెంతో, అది ఎన్ని లారీలకు సరిపోతుందో క్లాసులో చెప్పింది. ఎత్తిన లారీలతో సరిచూస్తే ఒక్కటే తేడా వచ్చిందని ఆయన ఇంట్లో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడట. ఆ రోజంతా నేనూ అలాగే మురిసిపోయాను. ఇంజనీరింగ్ చదువుతానని అప్పుడే అంది. చదువుతావే, నువ్వు కాక ఇంకెవరు చదువుతారు అన్నాను.

మరుసటి ఏడు నస్రీన్ వాళ్ల పదో తరగతి బోర్డు పరీక్షలు రద్దయ్యాయి. స్కూలు పరీక్షలను బట్టి మార్కులు మేమే వేసి పంపాలి. అయితే ఒక మెలిక ఉంది. క్లాసు సగటు పాత సంవత్సరాల సగటును మించిపోకూడదు. మా సగటు మించిపోయింది. ఎందుకు మించదు? ఇంట్లో రాసిన పరీక్షలాయె. కొందరి జవాబుల్లో నాన్నల చేతిరాత నేను గుర్తుపట్టగలిగేదాన్ని. కెమెరా ఎదురుగా పెట్టుకుని, తన చేత్తో తానే రాసిన పిల్ల ఎవరో కూడా నాకు తెలుసు.

సగటు దిగాలంటే కొందరికి తగ్గించాలి. మా సూపర్‌వైజరు జాబితా నా ముందుకు తోసి, తగ్గించినా గొడవ రాని పిల్లలను చూడండి మేడం అన్నారు. అంతే అన్నారు. ఎవరి పేరూ చెప్పలేదు. ఆయన మీదకి నెట్టేద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు. పేర్లు ఏరింది నేను. మార్కు తగ్గితే మర్నాడే వచ్చి నిలదీసే తండ్రులున్న పిల్లల్ని దాటుకుంటూ పోయాను. ఆ జూన్‌లో టీచర్ల కాంట్రాక్టులు తిరిగి రాస్తారో లేదో తెలియని పరిస్థితి. గొడవలు తెచ్చే టీచరని పేరు పడితే ఇంటికి పంపిస్తారని భయం. భయమేనా? బద్ధకం కూడా కాదా? ఏడుగురి పేర్లు రాసి అమ్మయ్య అనుకున్నాను. ఆ ఏడుగురిలో నస్రీన్ ఒకతె. ఎనభై తొమ్మిది కొట్టేసి డెబ్బై ఆరు వేశాను. కారణం అని ఒక గడి ఉంటే, ఆన్‌లైన్ క్లాసులకు సరిగా రాలేదు, తల్లిదండ్రులు ఫోనుకు దొరకరు అని రాశాను. మా స్కూల్లో సైన్సు గ్రూపుకి లెక్కల్లో ఎనభై ఉండాలి. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. పెన్ను పట్టుకున్నప్పుడు కూడా తెలుసు.

ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం ఫోను వచ్చింది.

"మిస్, నేను నస్రీన్‌ని. మాట్లాడొచ్చా?"

"చెప్పమ్మా."

"లెక్కల్లో డెబ్బై ఆరే పడినాయి మిస్. మనం పెట్టుకున్న పరీక్షల్లో ఎనభై తొమ్మిది కదా. ఏమన్నా తప్పు జరిగిందేమో అడగమని మా అబ్బా అన్నారు."

"బోర్డు లెక్కమ్మా అది. పైనుంచి వచ్చింది. మన చేతుల్లో ఏముంటుంది చెప్పు?"

"అయితే నేనే సరిగ్గా రాయలేదేమో మిస్."

"ఇంకొంచెం ప్రాక్టీసు చేసి ఉండాల్సింది తల్లీ."

వెనకాల తండ్రి గొంతు వినిపించింది. "మిస్సే చెప్పినాక ఇంకేముంది బేటీ, ఖలాస్. థాంక్స్ చెప్పి పెట్టెయ్."

"థాంక్స్ మిస్" అంది.

మార్కు తగ్గించడం తప్పు. ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రాక్టీసు మాట నన్నెవరు అనమన్నారు? ఏ సూపర్‌వైజరు చెప్పాడు? ఏ నిబంధన అడిగింది? నేను బయటపడడానికి ఆ పసిదాని నెత్తిన తప్పు రుద్దేశాను. ఆ పిల్ల నన్ను నమ్మింది. తండ్రి అంతకంటే నమ్మాడు.

నస్రీన్ కామర్స్‌లో చేరింది. రెండేళ్లూ నా క్లాసు ముందు నుంచే వెళ్లేది, నవ్వి నమస్తే చెప్పేది. ఆ రోజుల్లోనే ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లకు, మా స్కూల్లో ధనికా పేదా తేడా లేకుండా అందరికీ సమాన అవకాశం అని నేనే నిలబడి గుక్క తిప్పుకోకుండా చెప్పాను. బాగా మాట్లాడానని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఇంటరు అయ్యాక ఆ పిల్ల ఒక టైపింగ్ సెంటర్లో చేరిందని విన్నాను. వీసా కాగితాలు, అద్దె ఒప్పందాలు టైపు చేసే పని.

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చింది. చెల్లెలు ఇప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి. తండ్రికి డ్యూటీ ఉందట, తను వచ్చింది. పొడుగయింది, కళ్లజోడు వచ్చింది. నన్ను చూసి ఎంత సంతోషపడిందో! ఆన్‌లైన్ క్లాసులు గుర్తున్నాయా మిస్ అంటూ పాలు పొంగిన సంగతులన్నీ ఏకరువు పెట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కాసేపూ నాకు నిజంగానే హాయిగా ఉంది, అదే సిగ్గుచేటు. లేవబోతూ చెల్లెలి భుజం మీద చెయ్యేసి, "దీన్ని మీరే చూసుకోవాల మిస్. నాకెట్లాగూ లెక్కలు రాలేదు, ఇదన్నా నా మాదిరి కాకూడదు" అంది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నోటి దురుసు మనిషిని కదా, ఒక్క వాక్యం. బాగానే చదువుతోందిలేమ్మా అని తరవాతి వాళ్లను పిలిచాను.

ఆ ఒక్క వాక్యాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఏడాది నా క్లాసులో అందరికంటే బాగా లెక్కలు వచ్చిన పిల్ల నస్రీన్. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. చెప్పాల్సింది మాత్రం మీకు కాదు. ఆమె ఇప్పటికీ తనకు లెక్కలు రావనే అనుకుంటోంది.