ఇషి నల్ల గిన్నె

వేసవిలో పొద్దు వాలే వేళకి ఇషి ఇంటి అరుగు మీద జనం బట్టలు విప్పుకుని వరసగా కూచునేవాళ్ళు. మగాళ్ళు బయట, ఆడాళ్ళు లోపల. ఒమొనొ నది లంకలో గుర్రాలకి గడ్డి కోసి, సోయా చేలో కలుపు తీసి, అటునుంచి అటే వచ్చేవాళ్ళు. స్నానం చేసి వస్తామంటే ఇషి ఒప్పుకునేది కాదు. వేణ్ణీళ్ళకి పురుగు పోదు, ఒళ్ళు ఎర్రబడి పురుగు కనపడకుండా పోతుంది. చంకలు, గజ్జలు, బొడ్డు, మోకాళ్ళ వెనక మడతలు ముందు చూసేది. ఆవగింజని పది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటుంది ఎర్రపురుగు. చూసినవాళ్ళు చెమటకాయ అనుకుంటారు. ఇషి సూదిమొనతో దాని చుట్టూ చర్మాన్ని పైపైన లేపి, పురుగుని తీసి, పక్కనున్న నల్ల లక్క గిన్నెలో విదిలించేది. నలుపు మీద ఆ ఎర్రచుక్క కదిలిందంటే పురుగు మొత్తంగా వచ్చినట్టు. కదిలాకే ఆ మనిషిని చొక్కా తొడుక్కోనిచ్చేది.

పక్కింటి యోషిమత్సుకి పెళ్ళాం పోయి చాలా ఏళ్ళు. అరుగెక్కిన ప్రతిసారీ అదే మాట అనేవాడు.

"నా పెళ్ళాం కూడా నన్నింత పరీక్షగా చూడలేదు, ఇషి వదినా."

"చూసుంటే అప్పుడే పారిపోయేది. చెయ్యెత్తు."

ఈ పని ఇషికి అత్తగారు నేర్పింది. పురుగు దొరక్కపోతే ఏమవుతుందో మొగుడి చావు నేర్పింది. కుట్టినప్పుడు తెలియదు. వారం పదిరోజులకి ఒళ్ళు కాలిపోతుంది, గజ్జల్లో బిళ్ళలు కడతాయి, ఎక్కడో ఒకచోట నల్లటి పక్కు కనిపిస్తుంది. పక్కు కనిపించాక చేసేదేమీ లేదు. ముగ్గురికి వస్తే ఒకరు పోతారు. ఇద్దరు పోయిన ఏడూ ఉంది. ఇషి మొగుణ్ణి మోసుకెళ్ళిన రోజున చేలో కలుపు ఆగలేదు, ఎందుకంటే కలుపు ఆగితే పంట ఆగుతుంది.

ఎర్రపురుగుకి పెద్దా చిన్నా తేడా లేదని బళ్ళో పంతులు చెప్పేవాడట. లేకేం? ఆ చుట్టుపక్కల సగం నేల తరుమి వారిది. తరుమి ఇంట్లో తాతల కాలం నుంచీ ఒక్కరికీ ఆ జ్వరం తగల్లేదు. వాళ్ళ వరిపొలాలన్నీ నది గట్టుకి ఇవతలే. గట్టుకి అవతల లంక ఉంది, ఏటా వరద వదిలిపోయే నల్ల ఒండ్రు ఉంది, గింజ పడితే చాలు మొలిచే నేల. ఆ నేలకి తరుమి వారు ఎన్నడూ కౌలు అడగలేదు. కౌలు పెడితే ఎవడూ దిగడు గనక అడగలేదు, అంతకు మించి దయ ఏమీ లేదు. లంక మొదట్లో పురుగు దేవుడికి చిన్న గుడి ఉండేది. దాని ముందున్న రాతిదీపం మాత్రం తరుమి వారు ఇచ్చిందే. పైన పేరు కూడా చెక్కించుకున్నారు.

ఇషి కొడుకు కిచిజో ఆ లంకలోనే సోయా వేసేవాడు. గట్టుకి ఇవతల తరుమి వారి దగ్గర కౌలుకి చేసిన వరి, వాళ్ళ వాటా కొలిచి ఇచ్చేసరికి నాలుగు నెలలకి చాలేది కాదు. మిగతా ఏడంతా లంక సోయానే, దాన్ని పులియబెట్టి చేసిన మిసో ముద్దే. ఆ ఇంట్లో అందరూ బతికున్నది కౌలులేని ఆ నేల చెక్క మీద.

కిచిజో పెళ్ళయిన మరుసటేడు వేసవిలో నిషివకి అనే డాక్టరు వచ్చాడు. విశ్వవిద్యాలయం పంపింది. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా నూనెగుడ్డ చుట్టుకుని తిరిగేవాడు. పురుగుని పట్టడానికి ఏవేవో గాజుసామాన్లు తెచ్చాడు గాని, ఇషి చూపు ముందు అవేవీ పనికిరాలేదు. ఇషి తన నల్ల గిన్నెని గడ్డిలో బోర్లించి, కాసేపాగి తీసి చూపించింది. గిన్నె వీపు మీద నాలుగు ఎర్రచుక్కలు పాకుతున్నాయి. డాక్టరు మోకాళ్ళ మీద కూచుని ఆ గిన్నెకి దండం పెట్టినంత పని చేశాడు. మర్నాడే పట్నం నుంచి అలాంటి గిన్నెలు ఇరవై తెప్పించాడు, ఇషిని పనిలో పెట్టుకున్నాడు.

లంకలో కొంత మేర కంచె కట్టారు. కిచిజో చెక్క అందులోకే వచ్చింది. మంచు కరగ్గానే పొదలు నరికి తగలబెట్టారు, ఎలుకల్ని పట్టారు, సున్నం చల్లారు. ఒక వేసవి, రెండు వేసవులు. మూడో వేసవిలో ఇషి ఇరవై గిన్నెలూ బోర్లించి తీస్తే ఇరవయ్యీ ఖాళీ. కంచె లోపల పనిచేసి వచ్చినవాళ్ళ ఒంటిమీద కూడా ఏమీ లేదు. అయినా అలవాటుకొద్దీ వచ్చి అరుగు మీద కూచునేవాళ్ళు. ఏమీ దొరకలేదని చెప్పడం ఇషికి కొత్త. నోరు తిరిగేది కాదు.

"మా నాన్న ఉన్నప్పుడు ఈయన రావాల్సింది," అన్నాడు కిచిజో ఒకరోజు గట్టు మీద నిలబడి. ఆ రాత్రి ఇషి అన్నంలో ఎర్ర చిక్కుళ్ళు వేసి వండింది. పండక్కి తప్ప వండని వంట అది.

ఆ ఫలితం పేపర్లో పడింది. తరుమి వారింట్లో పేపరు వస్తుంది.

వసంతంలో తరుమి వారి గుమాస్తా సెయిరొకు నలుగురు మనుషుల్ని వెంటేసుకొచ్చి కంచె పొడుగునా గుంజలు పాతించాడు. ప్రతి గుంజకీ తరుమి వారి పేరు కాల్చిన ముద్ర. ఈ ఏడు నుంచి లంక పంటలో సగం పాలు అన్నాడు. ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడేమిటని అడిగితే, ఇన్నాళ్ళూ అది చావునేల, ఇప్పుడు మంచి నేల, మంచి నేలని ఊరికే ఎవరిస్తారని అడిగాడు. కాదన్నవాళ్ళని దిగువ రెల్లులంకకి పొమ్మన్నాడు. రెల్లులంకలో ఎర్రపురుగు ఎంత దట్టమో అందరికీ తెలుసు.

జనం డాక్టరు దగ్గరికి పోయారు. ఆయన చాలాసేపు తలవంచుకుని విన్నాడు. తాను పురుగు సంగతి చూసే మనిషిననీ, నేల సంగతి తన చేతిలో లేదనీ అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఈ నాలుగో వేసవి కూడా గిన్నెలు ఖాళీగా వస్తే, నది పొడుగునా ఇలాగే శుభ్రం చేయించడానికి సర్కారు డబ్బిస్తుంది. ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. వింటున్నవాళ్ళ మొహాలు వెలగలేదు.

మర్నాడు ఇషి అరుగు మీద ఆరుగురు మగాళ్ళు కూచున్నారు. పురుగుల కాలం ఇంకా రాలేదు, ఎవరూ చొక్కా విప్పలేదు. కిచిజో వాకిట్లో నిలబడ్డాడు. మాట ఎత్తింది యోషిమత్సు.

"వదినా, రెల్లులంక నుంచి నాలుగు పురుగులు తెచ్చి కంచెలో వదలాలి. అది నీకు తప్ప చేతకాదు."

ఇషి సూదికి దారం ఎక్కిస్తోంది. ఎక్కించడం అయ్యాక తలెత్తింది.

"మీ అందరి ఒంటి మీంచీ తీసిన దాన్ని. నన్ను తిరిగి పెట్టమంటున్నారా?"

"గిన్నెల్లో పురుగు కనపడితే చాలు. డాక్టరు మళ్ళీ చావునేల అని రాస్తాడు. తరుమి వారు భయపడి గుంజలు పీక్కుపోతారు. ఎప్పట్లాగే చేసుకుంటాం, ఎప్పట్లాగే నువ్వు చూస్తావు."

"నది పొడుగునా శుభ్రం చేస్తామంటున్నాడు కదరా ఆయన."

"నది పొడుగునా శుభ్రం చేస్తే నది పొడుగునా గుంజలు దిగుతాయమ్మా," అన్నాడు కిచిజో. "పురుగు ముగ్గురిలో ఒకణ్ణే తీసుకుంటుంది. తరుమి వారు అందర్నీ తీసుకుంటారు. చలికాలం ఏం తింటాం?"

ఇషి ఆ రోజు కాదంది. పదిరోజులు కాదంది. కోడలు ఫుమికి నెల తప్పిందని తెలిసిన రోజున ఇంట్లో ఉన్న మిసో జాడీ మూత తీసి చూసింది. ఆ తర్వాత కాదనలేదు.

వేసవి మొదట్లో ఒక తెల్లవారుజామున నూనెగుడ్డ కాళ్ళకి చుట్టుకుని ఒక్కతే రెల్లులంకకి పోయింది. అత్తగారిచ్చిన గిన్నెనే తీసుకెళ్ళింది. బోర్లించిన ప్రతిసారీ గిన్నె వీపు ఎర్రబడింది. కోడి ఈకతో వాటిని తడినాచు కుక్కిన వెదురు గొట్టంలోకి ఊడ్చింది. కంచె దగ్గర గొట్టం తిరగేసినప్పుడు చెయ్యి వణకలేదు. అది ఆమెకి తర్వాత చాలాకాలం గుర్తుండిపోయింది, వణకలేదని.

డాక్టరు వచ్చి గిన్నెలు బోర్లించాడు. పదకొండో గిన్నె తీసి చూసి, అక్కడే గడ్డిలో కూలబడ్డాడు. అలా కూర్చోకండి డాక్టరు గారూ, పురుగుంది కదా అని ఇషే ఆయన్ని లేపాల్సి వచ్చింది. వరద తెచ్చిందేమో, ఎలుకలు ఈదుకుంటూ వచ్చాయేమో అని ఆయన తనలో తానే లెక్కలు వేసుకున్నాడు. ఇషి వైపు అనుమానంగా ఒక్కసారి చూసి ఉంటే చెప్పేసేది. చూడలేదు. ఫలితం తప్పిందని ఉన్నదున్నట్టు రాశాడు. సర్కారు డబ్బు రాలేదు. గిన్నెలు గడ్డిలో చుట్టి పెట్టెలో సర్దుకుంటూ, తన భూతద్దం ఇషి చేతిలో పెట్టాడు.

"మీ కళ్ళకి ఇది అక్కర్లేదని తెలుసు. ఉంచండి. నాకిక పని లేదు."

పట్నం బండి ఎక్కాక ఆయన మళ్ళీ ఆ ఊరు రాలేదు.

పురుగు తిరిగొచ్చిందని పేపర్లో పడింది. ఊరు ఎదురుచూసింది. గుమాస్తా సెయిరొకు రానే వచ్చాడు. గుంజలు పీకడానికి కాదు, వదులైన వాటిని బిగించడానికి. గట్టు మీదే నిలబడి కిందికి మాట్లాడాడు.

"పురుగున్నా లేకపోయినా ఈ నేల పత్రంలోకి ఎక్కింది. పత్రానికి జ్వరం రాదు. సగం పాలు సగమే."

"అయితే దిగి నాలుగు అడుగులు నడవండి గుమాస్తా గారూ," అన్నాడు కిచిజో. "మీ నేలేగా."

సెయిరొకు నవ్వాడు. దిగలేదు.

సోయా అప్పటికే మోకాలెత్తు వచ్చింది. వదిలేస్తే ఉన్న సగమూ పోతుంది. అందరూ మళ్ళీ కలుపుకి దిగారు, అందరూ మళ్ళీ అరుగు మీద చొక్కాలు విప్పారు. ఇషి గిన్నెలో రోజూ ఎర్రచుక్కలు. కిచిజోని అందరికన్నా చివర్న, అందరికన్నా ఎక్కువసేపు చూసేది. చాలమ్మా, చర్మం అరిగిపోతోందని వాడు నవ్వేవాడు.

కిచిజోని పురుగు కుట్టింది తల వెనక, జుట్టు మొదట్లో. ఇషి కళ్ళకి కనపడలేదు. భూతద్దానికీ కనపడలేదు. ఒక సాయంత్రం కిచిజో చేలోంచి గడ్డిమోపు లేకుండా వచ్చి, మెడ పట్టేసిందని పడుకున్నాడు. ఇషి జుట్టు పాయ తీసి చూసింది. పప్పుగింజంత నల్లటి పక్కు. ఆమె సూది తియ్యలేదు. తీసి ఏం చెయ్యాలి?

పదమూడు రోజులు పట్టింది. మధ్యలో జ్వరం తగ్గిన ఒక పూట వాడు తల్లిని దగ్గరికి పిలిచాడు.

"నువ్వు తెచ్చిందే అనుకుని కూచోకు. నేను తెమ్మంటే తెచ్చావు."

ఇషి వాడి పెదాలు తడిగుడ్డతో తుడిచింది. అది తను తెచ్చిన పురుగో, వరద తెచ్చిన పురుగో చెప్పగల మనిషి ఆ నది పొడుగునా ఒక్కడే ఉన్నాడు. అతన్ని తనే పంపించేసింది.

కిచిజో చెక్కకి ఎవరూ మిగల్లేదని గుమాస్తా కబురు పంపాడు. ఇంకొకరికి ఇస్తామన్నాడు. కబురు తెచ్చినవాడికి ఫుమి వాకిట్లోనే జవాబు చెప్పింది, చేసేది తనేనని. ఏడో నెల కడుపుతో మర్నాడు పొద్దున్నే కాళ్ళకి నూనెగుడ్డ చుట్టుకుని గట్టు దిగింది. సాయంత్రం లోపలి గదిలో కిమోనో భుజాల మీంచి జార్చి, అత్తగారి ముందు కూచుంది. ఇషి ముందు చంకలు చూసింది, తర్వాత పొట్ట కింద మడత చూసింది. అక్కడ ఆమె చెయ్యి ఆగిపోయింది. వెదురు గొట్టం సంగతి నోటిదాకా వచ్చింది.

"ఫుమీ, ఆ పురుగులు..."

"తెలుసత్తయ్యా. ఆయన చెప్పాడు." ఫుమి కదలకుండా గోడవైపు చూస్తోంది. "వెలుతురు పోతోంది. వెనక్కి తిరగనా?"

ఇషి నల్ల గిన్నె దగ్గరికి లాక్కుని, తిరగమంది.