దూప డాక్టరు

డాక్టర్ మార్కండేయ సారుకు లోకంల మనుషులందరు ఎండిపోతున్నట్టే కనిపించేది. ఎవరన్న నమస్తే అంటే "మూత్రం మంచిగొస్తుందా?" అని అడిగేటోడు. నిజామాబాద్‌ల మా నర్సింగ్‌హోముకు మత్తిచ్చే డాక్టరాయన. ఓ పెండ్లిల పీటల మీదున్న పెండ్లికొడుకును గిట్లనే అడిగిండు. ఆ పిలగాడు తాళి చేతిల పట్టుకొని ఆలోచనల పడ్డడు.

థియేటర్ల ఇంకా ఘోరం. మాటిమాటికి వంగి, మంచం కింద వేలాడే మూత్రం సంచినే చూసేటోడు. సర్జన్ ఆత్మారాం సారుకు ఒళ్లు మండేది.

"నేను కడుపు కోస్తుంటే నువ్వు సంచికి కావలుంటున్నవా?"

"ఒంట్ల నీళ్లు సాల్తున్నయో లేదో గదే చెప్తది సార్."

తొంభైలల్ల, చెరుకు కోతలప్పుడు, బోధన్ దిక్కు నుంచి ఎల్లవ్వ అనే ముసలామెను తెచ్చిండ్రు. పేగు మెలిపడి, వాంతులైతూ, గానుగల పెట్టి తీసిన పిప్పి లెక్క ఉన్నది. కడుపు కోసి మెలి తీసిండ్రు. గాని బీపీ దిగుతుంది, నాడి ఉరుకుతుంది, సంచిల చుక్క లేదు.

"సెలైన్ కుమ్మరించు!" అన్నడు ఆత్మారాం సారు.

"కుమ్మరిస్తే ముసలి గుండె మొయ్యది. ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరుతయి."

కొంచెం ఎక్కించుడు, ఛాతీ మీద గొట్టం పెట్టి వినుడు, సంచి దిక్కు వంగుడు. అందరం సంచినే చూసినం. నా నర్సు నౌకరిల మూత్రం కోసం ప్రార్థన చేసింది ఆ ఒక్కనాడే.

చుక్క పడ్డది. ఎన్క ఇంకోటి.

"వచ్చింది!" శ్రీరాంసాగర్ డ్యాం గేట్లెత్తినట్టు అరిచిండు మార్కండేయ సారు. ఆత్మారాం సారు కూడ నవ్విండు గాని, దగ్గినట్టు చేసి దాచుకున్నడు.

తెలివొచ్చినంక ఎల్లవ్వ ఒకటే మాట, "దూపైతుంది, నీళ్లు పొయ్యుండ్రి." పేగు కుదురుకునేదాంక చుక్క పొయ్యద్దని ఆర్డరేసింది మార్కండేయ సారే! అవ్వ ఆయన ఏడు తరాలను తిట్టింది. సారు పక్కన కూసొని, తడి దూదితోని పెదాలు అద్దుకుంట, "తిట్టు అవ్వా, ఊపిరి మంచిగాడుతది" అన్నడు.

నేను చాయ్ తెస్తే వద్దన్నడు. నీళ్లు తెచ్చినా వద్దన్నడు.

"పొద్దటి నుంచి ఏం తాగలే గద సార్?"

"ఆమె ముంగట ఎట్ల తాగాలె సిస్టర్?"

"బయటికి పోయి తాగుండ్రి."

"మరి పెదాలెవరు తడపాలె?"

అవ్వ కండ్లు మూసుకొనే అంత విన్నది.

మర్నాడు ఆత్మారాం సారొచ్చి చూసి, పేగు కదిలింది, నీళ్లు తాగొచ్చన్నడు. అవ్వ గ్లాసందుకొని సారుకే ఇచ్చింది. "ముందుగాల నువ్వు తాగు బిడ్డా."

సారు గటగట తాగితే సగం అంగీ మీద ఒలికింది.

"మెల్లగ, పొలమారుతది!" అని కసిరి, అవ్వ ఆత్మారాం సారు దిక్కు తిరిగింది. "గీ పిలగాన్ని చూసుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా, లేరా?"

పిలగానికి అప్పుడు యాభై దాటినయి.