వాడని వీసాలు

శేషగిరికి భయం కొత్త కాదు, పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో మనిషే. అమెరికాలోని క్యారీ ఊళ్లో సొంత ఇల్లు, మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కారు నడిపితే స్పీడ్ లిమిట్‌కి రెండు మైళ్లు తక్కువే. గ్రీన్ కార్డ్ క్యూ కదలదు. పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ ఎప్పుడో ఎక్స్‌పైర్ అయింది. దేశంలో ఉన్నంతకాలం ఫరవాలేదు. గడప దాటితే మాత్రం కొత్త స్టాంప్ పడితేగాని లోపలికి రానివ్వరు. స్టాంపింగ్ కోసం హైదరాబాద్ వెళ్లిన మిత్రుడు కృష్ణమూర్తి ఏడు నెలలు అక్కడే ఇరుక్కుపోయి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఆ కబురు విన్ననాటి నుంచి మన శేషగిరి ఎయిర్‌పోర్ట్ రోడ్డు ఎక్కాలన్నా జంకేవాడు.

అలాంటివాడికి ఒక పిచ్చి. ఫ్రాన్స్ సముద్రతీరాన మెంటన్ అని పాత విడిది ఊరు. నూట యాభై ఏళ్ల కిందట చలిదేశాల క్షయరోగులు ఎండ కోసం వచ్చి, కొందరు కోలుకుని, కొందరు కొండమీద సమాధుల్లో మిగిలిపోయిన చోటు. పసుపు, గులాబీ రంగు మేడలు, నిమ్మతోటలు. ఆఫీస్ క్యాలెండర్‌లో చూసి మనసు పారేసుకున్నాడు. మూడుసార్లు ఫ్రాన్స్ వీసా తీసుకున్నాడు, మూడుసార్లూ టికెట్ క్యాన్సిల్ చేశాడు. మూడోది ఈ ఏప్రిల్‌లోనే. కూతురు నైనిక స్కూల్‌వాళ్లు ఫ్రెంచ్ క్లాస్ పిల్లలను మెంటన్ తీసుకెళ్తుంటే తోడు వస్తానని పేరిచ్చాడు. తీరా వారం ముందు కడుపునొప్పి అని అబద్ధమాడి తప్పుకున్నాడు. ఇక్కడే పుట్టిన నైనికకు అమెరికా పాస్‌పోర్ట్. పదహారేళ్ల పిల్ల, నవ్వుతూనే వెళ్లింది.

నాలుగోరోజు పొద్దున టీచర్ ఫోన్ చేసింది. నైనికకు అపెండిక్స్ పగిలింది, ఆపరేషన్ చేస్తున్నారు. తాను అబద్ధంగా చెప్పిన నొప్పే పిల్లకు తగిలిందనిపించింది శేషగిరికి.

"నేను పోదామంటే నాకు ఫ్రాన్స్ వీసా లేదు గదండీ," అంది భార్య పద్మజ ఏడుస్తూ. "మీకుంది. బుక్ చేయండి."

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. వీసా లాయర్‌కి కాల్ చేస్తే "డోంట్ ట్రావెల్" అన్నాడు, అంతే. ఇల్లూ, పద్మజ అమెరికాలో ఉండే అనుమతి కూడా తన ఉద్యోగం మీదే ఆధారం. తాను అక్కడ ఇరుక్కుంటే ముగ్గురి బతుకూ రోడ్డున పడుతుంది. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, బటన్ మీదికి వేలు తీసుకెళ్లి, వెనక్కి తీసుకుని, గంటలు గడిపాడు. పిరికివాడని తిట్టకండి, పద్దెనిమిదేళ్లు క్యూలో నిలబడ్డవాడి వేలు అది.

మధ్యాహ్నానికి నైనిక మేలుకుంది. వీడియోలో మొహం పాలిపోయి ఉంది.

"ఎప్పటినుంచి నొప్పి తల్లీ?"

"టూ డేస్, డాడీ. ఎవరికీ చెప్పలే."

"ఎందుకమ్మా?"

"చెప్తే నువ్వు వస్తావ్ కదా. దెన్ నిన్ను బ్యాక్ ఇంటికి రానివ్వరు. ప్లీజ్ రావద్దు. ఐయామ్ ఫైన్."

ఇన్నాళ్లూ తన భయం తానొక్కడే మోస్తున్నాననుకున్నాడు శేషగిరి. ఆ పిల్ల కడుపు పట్టుకుని రెండు రోజులు దాన్నే మోసింది.

బటన్ నొక్కాడు.

సాయంత్రం ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లాడు. ధైర్యం ఎక్కణ్నుంచీ ఊడిపడలేదు. కౌంటర్‌లోని అమ్మాయి పాస్‌పోర్ట్ తిప్పి చూసి, తిరుగు ప్రయాణం ఎప్పుడని అడిగింది.

"తెలియదు," అన్నాడు శేషగిరి, బ్యాగ్ బెల్ట్ మీద పెడుతూ.