అరగంట ముందే వచ్చేవాడు

దయ్యాల కబుర్లు మొదలైతే మా హాస్టల్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఇప్పుడు హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతున్నాను. శబ్దం ఎలా పుడుతుందో, గాలిలో ఎలా ప్రయాణిస్తుందో ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మ గీసి మరీ వివరిస్తాను. అలాంటిదాన్ని ఒక శబ్దం గురించి ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు. విన్నది విన్నట్టే రాస్తున్నాను. నమ్మమని ఎవరినీ అడగను.

నా పేరు రేష్మా. మాది కావలి. నాన్నది బజారులో గాజుల కొట్టు. ఖాదర్ వాళ్ళది నెల్లూరు, టైలర్ల కుటుంబం. డిగ్రీలో ఇద్దరం ఒకే క్లాసు. చదువు పూర్తయిన ఏడాదే పెళ్ళి చేసుకుంటామని పట్టుబట్టాం. ఉద్యోగాలు కుదురుకున్నాక చూద్దామన్నారు నాన్న. "మీ అమ్మాయికి ఏ లోటూ రానియ్యను మామా. చూస్తా ఉండండి" అని ఖాదర్ అందరి ముందూ మాటిచ్చాడు. నాన్న మనస్ఫూర్తిగా కాకపోయినా ఒప్పుకున్నారు.

వెంకటాచలంలో, హైవేకి కాస్త లోపలగా ఒక ఫ్లాట్ దొరికింది. రెండో అంతస్తు. ఆ పైన డాబా, నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ లేవు. ఎదుటి ఫ్లాటుకు మేం చేరే నాటికే తాళం ఉంది, మేం ఖాళీ చేసేదాకా అలాగే ఉంది. మా ఫ్లాటులో రెండు పడగ్గదులు. ఒకటి మాది, ఇంకోటి సుజాత అక్కది. సుజాత అక్క కాలేజీలో మాకు సీనియర్. వాళ్ళ ఊరు జువ్వలదిన్నె, చేపలు పట్టే కుటుంబం. ఆమె భర్త శ్రీను అన్న చేపల వ్యాన్ నడిపేవాడు. తెల్లవారకముందే వెళ్ళి, మధ్యాహ్నం వచ్చి పడుకునేవాడు.

రెండు సంసారాలు, ఒకే వంటిల్లు. స్టవ్ మీద ఎడమ పొయ్యి మాది, కుడి పొయ్యి వాళ్ళది. ఫ్రిజ్ అక్కది. మిక్సీ మాది. మొదటి నెల మాకు మంచం కూడా లేదు, చాప మీద బొంత వేసుకుని పడుకునేవాళ్ళం. కర్టెన్లకు డబ్బు ఎందుకని ఖాదర్ తనే, వాళ్ళ అమ్మ ఇచ్చిన గుడ్డముక్కలన్నీ కలిపి కుట్టేశాడు. ఒక్కో ముక్క ఒక్కో రంగు. అక్క వాటిని చూసి, "సర్కస్ డేరా మాదిరి ఉందిమే మీ రూము" అని పడీపడీ నవ్వింది. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు మళ్ళీ వచ్చాయో లేదో చెప్పలేను.

నేను దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో చేరాను. నాలుగున్నరకల్లా ఇంట్లో ఉండేదాన్ని. ఖాదర్ రొయ్యల మేత అమ్మే ఒక కంపెనీలో చేరాడు. ముత్తుకూరు వైపు రొయ్యలు పెంచే గుంటల దగ్గర నీళ్ళు పరీక్షించడం, రైతులకు సలహాలివ్వడం అతని పని. సాయంత్రం ఆరూ నలభై ఐదుకి, కాస్త అటూ ఇటూగా ఇల్లు చేరేవాడు.

మేం చేరిన రెండో నెలలో అనుకుంటాను, నేను హాల్లో కింద కూర్చుని నోట్సులు దిద్దుతున్నాను. కింద బండి ఆగిన చప్పుడైంది. ఖాదర్ బండి వాళ్ళ నాన్న వాడిన పాతది, ఆగే ముందు రెండుసార్లు దగ్గుతుంది. తర్వాత స్టాండు వేసిన చప్పుడు. తర్వాత మెట్ల మీద బూట్లు. చివరి నాలుగు మెట్లూ రెండేసి చొప్పున ఎక్కడం అతనికి అలవాటు. ఆ తర్వాత తలుపు పక్కనున్న గ్రిల్లుకు హెల్మెట్ తగిలించిన చప్పుడు.

వంటింట్లోంచి అక్క కేక వేసింది. "రేష్మా, మీ ఆయన వచ్చినాడు. టీ పెట్టు."

తలుపు తీశాను. ఎవరూ లేరు. గ్రిల్లుకు హెల్మెట్ లేదు. బాల్కనీలోకి వెళ్ళి తొంగి చూస్తే కింద బండీ లేదు. ఆట పట్టిస్తున్నాడేమోనని డాబా దాకా ఎక్కి చూసొచ్చాను. గడియారంలో ఆరూ పదిహేను. సరిగ్గా అరగంటకు మళ్ళీ అవే చప్పుళ్ళు, అదే వరసలో. ఈసారి తలుపు తీస్తే ఖాదర్ ఉన్నాడు.

ఆ వారంలో అలా మూడుసార్లు జరిగింది. తర్వాత దాదాపు రోజూ.

నేను ఊరికే వదిలిపెట్టలేదు. కింది ఇళ్ళవాళ్ళ బండ్లు ఏవేవి, ఎవరు ఎప్పుడు వస్తారు అన్నీ కనుక్కున్నాను. ఆ వేళకు వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. ఒకరోజు ముందుగానే వెళ్ళి మెట్ల మలుపులో కూర్చున్నాను. నాకేమీ వినిపించలేదు. పైన లోపలున్న అక్కకు మాత్రం అన్నీ వినిపించాయి. "ఇప్పుడే కదా ఎక్కొచ్చినాడు, నీ పక్క నుంచే పోయుండాలే" అంది. ఇంకోరోజు ఫోనులో రికార్డు చేశాను. ఇద్దరం విన్నాం. తర్వాత రికార్డింగు పెట్టి చూస్తే ఫ్యాను తిరుగుతున్న శబ్దం, మా కుక్కర్ కూతలు, చివర్లో "వచ్చినాడు" అన్న అక్క గొంతు. అంతే.

ఖాదర్‌కు చెబితే ముందు నవ్వాడు. తర్వాత రెండు రోజులు దారిలో టైము చూసుకుంటూ వచ్చి చెప్పాడు. ఆరూ పావుకు అతను గుంటల మధ్య మట్టిబాట దాటి తారు రోడ్డు ఎక్కుతాడట.

"ఆడ బండి రోడ్డెక్కిందంటే నాకు ఇంటికొచ్చేసినట్టే ఉంటది. నువ్వు తలుపు తీసినట్టు, టీ గ్లాసు చేతికిచ్చినట్టు అన్నీ కనిపిస్తాయి. ఇంక ఆ అరగంట నడిపేది ఒట్టి బండే" అన్నాడు.

ఆ మాటతో నా భయం సగం పోయింది. మనిషి వెనకాల వస్తున్నాడంటే, ముందొచ్చిన చప్పుడుకు భయపడేదేముంది? మొదటి చప్పుడుకు పిండి కలపడం, రెండో చప్పుడుకు టీ వడకట్టడం అలవాటైపోయింది. శ్రీను అన్న ఒక్కడే దీన్ని నమ్మలేదు. ఆ వేళకు ఆయన పడక గదిలో గురక పెట్టి నిద్రపోతుండేవాడు.

ఎండాకాలం పోయాక కంపెనీ ఖాదర్‌ను వాకాడు వైపు గుంటలకు మార్చింది. రోజూ వచ్చిపోయే దూరం కాదు. గుంటల దగ్గరే రేకుల షెడ్డులో ఉండి, శనివారం సాయంత్రం వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్ళేవాడు.

అతను వెళ్ళిన మొదటి సోమవారం ఆరూ పావుకు బండి దగ్గింది. బూట్లు మెట్లెక్కాయి. హెల్మెట్ గ్రిల్లుకు తగిలింది.

నేనూ అక్కా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఈసారి వెనకాల ఎవరూ రారు. ఫోన్ చేశాను. "కట్ట మీద కూర్చోనున్నా. ఏంది, ఇప్పుడు చేసినావు?" అన్నాడు. ఊరికే చేశానన్నాను. ఒంటరిగా ఉన్నవాడికి ఆ సంగతి చెప్పి బెంగ పెట్టడం ఎందుకనిపించింది. ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఇది గుర్తుంచుకోవాలి: నువ్వు లేకపోయినా నీ అడుగులు వస్తున్నాయని నేనతనికి ఒక్కసారి కూడా చెప్పలేదు. అక్క కూడా చెప్పలేదని ఒట్టేసింది.

వారంలో ఐదు రోజులూ వచ్చేవి. మొదట్లో పరుగెత్తి తలుపు తీసేదాన్ని. తీసిన ప్రతిసారీ ఖాళీ మెట్లు, ఎదుటి ఫ్లాటు తాళం. కొన్నాళ్ళకు తీయడం మానేశాను. తీస్తే ఎవరూ లేరని తెలిసిపోతుంది. తీయకపోతే తలుపు అవతల అతనున్నట్టే. ఆరూ పది అయ్యేసరికి వెళ్ళి, తలుపుకు వీపు ఆనించి కింద కూర్చునేదాన్ని. హెల్మెట్ తగిలిన చప్పుడయ్యాక ఇంకేమీ వినిపించేది కాదు. అలాగే కాసేపు ఉండి లేచేదాన్ని. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్కోరోజు మెల్లగా మాట్లాడేదాన్ని కూడా. ఏ కూర వండానో, ఏ పిల్లాడు ఏం అల్లరి చేశాడో చెప్పేదాన్ని.

అక్క కంగారుపడింది. "ఇది మంచిది కాదుమే. దర్గాకు పోయి తాయెత్తన్నా కట్టించుకుందాం రా" అంది. వద్దన్నాను. వాటి మీద నమ్మకం లేదని పైకి అన్నాను. తాయెత్తు పని చేస్తే ఆ అడుగులు రావడం ఆగిపోతుందేమోనన్నది అసలు భయం.

వానలు మొదలయ్యాయి. వరసగా రెండు శనివారాలు ఖాదర్ రాలేదు. పని ఎక్కువగా ఉందన్నాడు. ఫోనులో గొంతు మామూలుగానే ఉంది. అన్నం తిన్నావా అంటే తిన్నానన్నాడు.

ఆ తర్వాతి మంగళవారం అడుగులు రాలేదు. వాన చప్పుడులో వినిపించలేదేమో అనుకున్నాను. బుధవారం వాన లేదు. అయినా రాలేదు. గురువారం తలుపు దగ్గర ఏడు దాకా కూర్చున్నాను. అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆ ఇంట్లో నాకు నిజంగా భయం వేసింది ఆ మూడు రోజులే. చప్పుడు ఉన్నన్నాళ్ళూ వేయని భయం, అది ఆగిపోయాక వేసింది.

శుక్రవారం స్కూలుకు సెలవు పెట్టి గూడూరు వెళ్ళి, అక్కడ వాకాడు బస్సెక్కాను. ఆటోలో గుంటల దాకా వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. కంపెనీ షెడ్డులో ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఖాదర్ ఉన్నాడా అని అడిగాను.

"ఖాదరా? ఈడ మానేసి నెల దాటిందే" అన్నాడు. నా ముఖం చూసి లేచి నిలబడ్డాడు. "రొయ్యలకు తెగులొచ్చి చాలా గుంటలు ఎండబెట్టేసినారమ్మా. కొత్తగా చేరినోళ్ళను తీసేసినారు. అదిగో, ఆ చివర రెడ్డి గుంట మీద కూలికి చేస్తా ఉండాడు."

కట్ట మీద అర కిలోమీటరు నడిచాను. బురదలో చెప్పులు దిగబడుతుంటే చేతిలోకి తీసుకున్నాను. ఖాదర్ లుంగీ ఎగగట్టుకుని, మేత బస్తా భుజాన వేసుకుని వస్తున్నాడు. బాగా నల్లబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది. నన్ను చూసి బస్తా దించలేదు, కదలలేదు.

"ఎందుకొచ్చినావు?"

"నువ్వు రావడం మానేశావని."

"శనివారం కుదరదని చెప్పినా కదా."

"శనివారం సంగతి కాదు. రోజూ సాయంత్రం వచ్చేవాడివి. నువ్వు ఇక్కడికొచ్చాక కూడా రోజూ వచ్చావు. మంగళవారం నుంచి రావట్లేదు."

అతను బస్తా దించి కట్ట మీద కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఉద్యోగం పోయిందని నాకు చెప్పడానికి నోరు రాలేదట. నాన్నకిచ్చిన మాట ప్రతిరోజూ చెవిలో మోగేదట. సాయంత్రం పని అయ్యాక కట్ట మీద కూర్చుని, ఇంటికి వెళ్ళినట్టు, నేను తలుపు తీసినట్టు ఊహించుకునేవాడట.

"సోమవారం రాత్రి గట్టిగా అనుకున్నా. ఇంక ఇంటిని తలుచుకోకూడదని. తలుచుకుంటే ఈడ ఉండలేకపోతా ఉన్నా. నిన్ను కావలికి తీసుకుపొమ్మని మీ నాయనకు ఫోన్ చేద్దామని కూడా అనుకున్నా. మంగళవారం నుంచి పొద్దుగూకే వేళ కూడా ఏదో ఒక పని పెట్టుకుంటా ఉన్నా, ఇల్లు గుర్తుకు రాకుండా."

అడుగులు ఆగింది కూడా ఆ మంగళవారమే. కానీ అప్పుడు దాని గురించి ఆలోచించే స్థితిలో లేను. "లే, ఇంటికి పోదాం" అన్నాను.

"ఏ ముఖం పెట్టుకుని రమ్మంటావు?"

"ఉన్న ముఖంతోనే రా. గడ్డం ఇంటికెళ్ళి గీసుకుందువు."

అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుతో పాటే ఏడ్చాడు. రైతుకు చెప్పి, బట్టలు మూట కట్టుకుని బయల్దేరాం. బండి చాలా రోజుల క్రితమే చెడిపోయిందట, షెడ్డు వెనక పడి ఉంది. దాన్నక్కడే వదిలేసి బస్సులో వచ్చాం. గూడూరు దాకా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు.

నాన్నకు నేనే ఫోన్ చేసి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన "అబ్బాయి తిన్నాడా?" అని మాత్రం అడిగారు.

రెండు నెలలకు ఖాదర్ నెల్లూరులో నీళ్ళు పరీక్షించే ఒక ల్యాబులో చేరాడు. ఇంకో ఏడాది ఆ ఫ్లాటులోనే ఉన్నాం. అడుగులు మాత్రం మళ్ళీ రాలేదు. ఖాదర్ సాయంత్రం ఒక్కసారే వచ్చేవాడు, తలుపు తీస్తే ఉండేవాడు. సుజాత అక్క వాళ్ళు జువ్వలదిన్నె వెళ్ళిపోయారు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఆ మాట ఎత్తుతుంది. తను విన్నది నిజమేనని నా చేత అనిపించుకుని గానీ ఫోన్ పెట్టదు.

రికార్డింగులో లేని చప్పుడు ఇద్దరికి ఎలా వినిపించిందో నాకు తెలియదు. చెడిపోయి షెడ్డు వెనక పడున్న బండి మా మెట్ల కింద ఎలా దగ్గిందో అంతకన్నా తెలియదు. నా చదువులో దానికి జవాబు లేదు. మనసు భ్రమ అంటే, ఇద్దరికీ ఒకే భ్రమ, ఒకే రోజున ఎలా ఆగిపోయింది?

ఒకసారి ఖాదర్‌ను అడిగాను, ఇప్పుడు కూడా దారిలో ఇల్లు కనిపిస్తుందా అని. ట్రాఫిక్ చూసుకోవడమే సరిపోతుందన్నాడు. "ఎట్లాగూ ఇంటికే వస్తా ఉన్నా కదా రేష్మా. ఇంక తలుచుకునే పనేముంది?"

ఆ మాటకు సంతోషపడాలి. పడ్డాను కూడా. కానీ కొన్ని సాయంత్రాలు అతను లోపలి గదిలో మా పాపను ఆడిస్తూ ఉంటాడు, నేను వంటింట్లో ఉంటాను, గడియారం ఆరూ పావు చూపిస్తుంది. చేతిలో పని ఆగిపోతుంది. మనిషి ఇంట్లోనే ఉన్నాడని తెలుసు. అయినా వీధి తలుపు వైపు తిరిగి కాసేపు వింటూ ఉండిపోతాను.