గొడుగు తాతను నేర్చుకున్న పెద్దక్క

ఆ గోదాములో ఆమెను అందరూ పెద్దక్క అనే పిలుస్తారు. వయసు నలభై ఆరు. పదకొండేళ్లుగా నాలుగో వరస బల్ల దగ్గర నిలబడి పెట్టెలు కడుతోంది. వస్తువు తీయాలి, స్కానరుకు చూపాలి, అట్టపెట్టెలో సర్దాలి, టేపు వేయాలి, బెల్టు మీదికి తోయాలి. నలభై సెకన్లపాటు స్కానరు కూత పెట్టకపోతే బల్ల మీది దీపం ఎర్రగా వెలుగుతుంది. మూడుసార్లు వెలిగితే సూపర్‌వైజరు వస్తాడు. అందుకని చేతిలో వస్తువున్నా లేకపోయినా ఆమె చేతులు కదులుతూనే ఉంటాయి. ఇంట్లో భోజనానికి కూర్చున్నా ఎడమ చేయి కంచం అంచును తడుముతూనే ఉంటుంది.

ఇంట్లో ఇద్దరే. ఆమె, చెల్లెలు. చెల్లెలు బట్టలు కుట్టేది. మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పట్టు తప్పింది, కుడి చేయి పిడికిలిలా ముడుచుకుపోయింది. మూడు నెలలు రోజూ వ్యాయామం చేయిస్తే వేళ్లు విచ్చుకోవచ్చనీ, జాగు చేస్తే అలాగే బిగుసుకుపోతాయనీ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది. ఆ వ్యాయామాల గది తెరిచి ఉండేది పొద్దున తొమ్మిది నుంచి పదకొండు దాకానే. పెద్దక్క డ్యూటీ పొద్దున ఆరు నుంచి రెండు. రెండంతస్తుల మెట్లు దిగి రెండు బస్సులు మారి ఒంటరిగా వెళ్లే స్థితి కాదు చెల్లెలిది.

మధ్యాహ్నం షిఫ్టుకు మార్చమని పెద్దక్క అర్జీ పెట్టుకుంది.

"మీకు మారిస్తే అందరూ అడుగుతారమ్మా," అన్నాడు ఆఫీసులో గుమాస్తా, కాగితం వెనక్కి తోస్తూ. "పోటీలో పేరివ్వండి."

పోటీ అంటే ఆట. కార్మికుల ఉల్లాసం కోసమని యాజమాన్యం విశ్రాంతి గదిలో ఒక ఆట యంత్రం పెట్టించింది. తెర మీద రెండు మనిషి బొమ్మలు తన్నుకుంటాయి, ఆడేవాళ్లు తలా ఒక బొమ్మను ఎంచుకుని ఆడించాలి. ఎడమ చేతికి ఒక పిడి, కుడి చేతికి ఆరు బటన్లు. నెలాఖరు శనివారం గంటసేపు బెల్టు ఆపి పోటీ పెడతారు. గెలిచిన ఒక్కరికి మరుసటి నెల కోరుకున్న షిఫ్టు. మనిషికి జబ్బు చేసినా, ఇంట్లో పసిబిడ్డ ఉన్నా, అడిగినప్పుడు ఇవ్వాల్సిన వెసులుబాటును ఇలా బహుమతి చేసి చూపించారు. ఇవ్వనందుకు ఎవరూ యాజమాన్యాన్ని తిట్టరు, ఓడిపోయినందుకు తమనే తిట్టుకుంటారు. తెలివైన ఏర్పాటే.

బెల్టులు బాగుచేసే మెకానిక్ బాబాయ్ వయసులో ఉన్నప్పుడు ఈ ఆట పోటీలకు ఊళ్లు తిరిగినవాడు. పెద్దక్క వెళ్లి ఆయన్ని అడిగింది.

"బాబాయ్, ఏ బొమ్మతో ఆడితే గెలుస్తాను?"

"గెలిచే బొమ్మంటూ ఏదీ ఉండదమ్మా. నెల రోజులు ఓడిపోయినా మొహం చూడబుద్ధేసే బొమ్మను పట్టుకో. అదైతే నేర్చుకునేదాకా వదిలిపెట్టవు."

తెర మీద నిప్పులు కక్కే పిల్లను, పులి తల ఉన్న కండల మనిషిని, ఇంకా పది మందిని దాటేసి పెద్దక్క ఒక ముసలాయన దగ్గర ఆగింది. చేతిలో పెద్ద గొడుగు.

"ఈయన నాలాగే నడుం పట్టుకుని నిలబడ్డాడు," అంది.

"గొడుగు తాత. నిదానస్తుడు. సరే, ఆయనే. రేపొచ్చి ఇంకొకణ్ణి కావాలన్నావంటే మాత్రం నేను నేర్పను."

పొద్దున పదింటికి అరగంట విరామం. ఆ అరగంటే బడి. ఆరు బటన్లలో రెండే చూపించాడాయన. ఒకటి నొక్కితే గొడుగు ముందుకు పొడుస్తుంది. అది ఎంత దూరం అందుతుందో కళ్లు మూసుకున్నా తెలియాలన్నాడు. రెండోది గొడుగును పైకి లేపుతుంది, మీదికి ఎగిరి వచ్చేవాళ్ల కోసం.

"మరి ఆ నాలుగు?"

"దూరపు చుట్టాలనుకో. ఉన్నారని తెలిస్తే చాలు, రోజూ పలకరించక్కర్లేదు."

మొదటి మూడు రోజులూ పెద్దక్క ఊరికే దెబ్బలు తింది. పిడిని వెనక్కి లాగి పట్టుకుంటే తాత గొడుగు తెరుచుకుని అడ్డు పడుతుంది, దెబ్బ తగలదు. బటను నొక్కితే గొడుగు మూసుకుంటుంది. అంతే సంగతి. నొక్కకుండా ఆగడం మాత్రం ఆమెకు పట్టుబడలేదు.

"ఎందుకు నొక్కావు?"

"నొక్కలేదు."

"నొక్కావమ్మా. చూశాను."

పెద్దక్క తన కుడి చేతిని చూసుకుంది. "ఊరుకోదు బాబాయ్. ఊరుకుంటే భయమేస్తుంది."

మెకానిక్ బాబాయ్ తలూపాడు. ఆ ఎర్ర దీపాలకు తీగలు లాగింది ఆయనే. తర్వాత, "ఈ వారం నువ్వు ఎవరినీ కొట్టొద్దు. కుడి చేయి జేబులో పెట్టుకో. అడ్డుకో, అంతే," అన్నాడు.

లోడింగులో పనిచేసే కుర్రవాణ్ణి అందరూ స్ప్రింగు అంటారు. నిప్పుల పిల్లతో ఆడతాడు, ఆడినంతసేపూ ఎగురుతూనే ఉంటాడు. జేబులో చేయి పెట్టుకుని నిలబడ్డ పెద్దక్కను చూసి నవ్వాడు.

"ఏం పెద్దక్కా, జేబులో చేయి పెట్టావు, మేనేజరు ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది. ముందు నిన్నే తీసేస్తాను, పక్కకు జరుగు."

ఐదు రోజులు అలాగే నిలబడింది. నాలుగో రోజున దెబ్బ రావడానికి ముందు అవతలి బొమ్మ భుజం కదలడం కనిపించింది. అప్పటిదాకా ఆ భుజాన్ని ఆమె చూడనే లేదు. ఓడిన ప్రతిసారీ బాబాయ్ ఒకే ప్రశ్న అడిగేవాడు: "నిన్ను ఎక్కువసార్లు కొట్టిన దెబ్బ ఏది?" ఆ ఒక్కదానికి జవాబు వెతుక్కోమనేవాడు. మిగతావి రేపు చూద్దాం అనేవాడు. తొమ్మిది దెబ్బలు వరసగా కొట్టే విద్యలు చూపిస్తామని చాలామంది వచ్చారు. పెద్దక్క దండం పెట్టి పంపించేసింది. కొత్త విద్యకు ఆమె దగ్గర ఓపిక లేదు, ఉన్న ఓపిక ఆ రెండు బటన్లకే సరిపోయింది.

ఆ నెలాఖరు పోటీలో చివరి ఆటకు స్ప్రింగు ఎదురయ్యాడు. అతను ఎగిరాడు, గొడుగు లేచింది. మళ్లీ ఎగిరాడు, మళ్లీ లేచింది. చూసేవాళ్లకు విసుగుపుట్టేలా ఆడి పెద్దక్క గెలిచింది. చప్పట్లు కొట్టినవాళ్లు కూడా కొంచెమే కొట్టారు.

మరుసటి నెలంతా చెల్లెల్ని పట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది. ఇరవై రోజులకు బొటనవేలు, చూపుడువేలు కదిలాయి. షిఫ్టు మార్పు ఒక్క నెలకే. ఇంకా రెండు నెలలు కావాలని ఆఫీసుకు వెళ్తే గుమాస్తా తలెత్తకుండానే, "మళ్లీ గెలవండి," అన్నాడు. షిఫ్టులు అవసరాన్ని బట్టి ఇవ్వాలని కాగితం రాసి ఆమె సంతకాలకు తిరిగింది. రెండు వందల మందిలో పదకొండు మంది పెట్టారు. మిగతావాళ్లను తప్పుపట్టలేం, గెలిచినావిడే ఎందుకు అడుగుతోందో వాళ్లకు అర్థం కాలేదు. ఆ కాగితం ఆఫీసు సొరుగులోకి పోయింది.

అప్పుడు స్ప్రింగు వచ్చాడు. నవ్వు లేదు.

"అక్కా, నేనెందుకు ఓడిపోతున్నానో చెప్తావా?"

"షిఫ్టు నీకెందుకురా?"

"పాపకు ఏడు నెలలు. మా ఆవిడకి పొద్దున ఐదింటి నుంచి పని. నాకు ఆరింటికి. పక్కింటావిడ దగ్గర పడేసి వస్తున్నాం. ఆవిడ వచ్చే నెల ఇల్లు ఖాళీ చేస్తోంది."

పొద్దుటి షిఫ్టు రెండింటికి దిగితే మధ్యాహ్నం వాళ్లు రెండుంబావుకి ఎక్కుతారు. మర్నాటి నుంచి ఆ పావుగంటలో పెద్దక్క అతన్ని యంత్రం ముందు నిలబెట్టింది.

"ఎందుకెగురుతావు?"

"నేల మీదుంటే కొడతారని."

"ఎగిరినా కొడుతున్నారు కదా. నేల మీదే ఉండు. వెనక్కి లాగి పట్టుకో. కుడి చేయి జేబులో పెట్టు."

"జేబులోనా," అన్నాడు స్ప్రింగు. చెవులు ఎర్రబడ్డాయి.

మెకానిక్ బాబాయ్ చూసి ఆమెను పక్కకు పిలిచాడు. "నీ ఇంటికి నువ్వే కన్నం వేసుకుంటున్నావు."

"తెలుసు బాబాయ్."

"ఒకటీ అరా దాచుకో పోనీ."

"వాడి పాపకు ఏడు నెలలు. ఏది దాచుకోమంటావు?"

ఆయన రెంచి తీసుకుని బెల్టు కిందికి దూరాడు.

నెలాఖరు శనివారం చివరి ఆట మళ్లీ వాళ్లిద్దరిదే. స్ప్రింగు ఒక్కసారి కూడా ఎగరలేదు. గొడుగు పొడిస్తే అడ్డుకున్నాడు, సందు చూసి ఒక్క దెబ్బ కొట్టాడు, మళ్లీ ఆగాడు. చెరొక రౌండు గెలిచాక మూడో రౌండులో ఇద్దరికీ ప్రాణం చిటికెడే మిగిలింది. ఇద్దరూ కదలకుండా నిలబడ్డారు. గదిలో ఎవరో దగ్గారు. పెద్దక్క గొడుగు తెరిచే ఉంది. ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఏం కావడం లేదు. ఏమీ కాని ఆ కాసేపును ఆమె చేయి భరించలేకపోయింది. బటను నొక్కేసింది. గొడుగు మూసుకుంది. నిప్పుల పిల్ల కాలు వచ్చి తగిలింది.

స్ప్రింగు గెలిచినవాడిలా లేడు. "అక్కా," అన్నాడు.

"బాగా ఆగావురా. పాప జాగ్రత్త." పెద్దక్క వెళ్లి బల్ల దగ్గర నిలబడింది.

గెలవకపోతే ఆసుపత్రికి అవే చివరి రోజులని విని, ఫిజియోథెరపీ అమ్మాయి ఇంట్లో చేయించాల్సినవి ముందే బొమ్మలు గీసి ఇచ్చింది. ఇక్కడ చేసినంత ఫలితం ఉండదని కూడా చెప్పింది, అబద్ధం చెప్పలేదు.

ఆదివారం పొద్దున చెల్లెలు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. పెద్దక్క ఆ కాగితాన్ని దిండుకు ఆనించి నిలబెట్టింది.

"ఓడిపోయావంట కదా," అంది చెల్లెలు. మాట ఇంకా కొంచెం ముద్దగానే వస్తోంది.

"ఓడిపోయాను."

"పోయిన నెల నీ చేతిలో ఓడినవాడేగా? ఇంత తొందరగా వాడికెవరు నేర్పారు?"

"నేనే."

"బుద్ధుందా నీకు?"

"లేదు. చెయ్యి ఇలా ఇవ్వు."

ఇవ్వలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. పెద్దక్క తొందరపెట్టలేదు, అరచేయి చాచి దుప్పటి మీద పెట్టి కూర్చుంది. కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. చాలాసేపటికి చెల్లెలు అటు తిరిగే, ముడుచుకున్న పిడికిలిని తెచ్చి అక్క చేతిలో పెట్టింది.

"నొప్పి పెడితే తంతాను," అంది.

"ఎడమ కాలితో తన్ను, అది బాగానే ఉందిగా," అంటూ పెద్దక్క కాగితంలోని మొదటి బొమ్మను చూసి, ఉంగరం వేలిని మెల్లగా పట్టుకుంది.